చెవికీ మాతృభాష ఉంటుంది: ఆన్ కట్లర్ పరిశోధన తేల్చినవి, తేల్చనివి

మాట్లాడేటప్పుడు పదానికీ పదానికీ మధ్య ఎవరూ ఆగరు. రాతలో వదిలే ఖాళీలు నోట్లో ఉండవు. ఒక వాక్యాన్ని రికార్డు చేసి దాని తరంగాన్ని తెర మీద చూస్తే అక్కడక్కడా నిశ్శబ్దం కనిపిస్తుంది. అయితే ఆ చోట్లు చాలావరకు పదాల సరిహద్దులు కావు. ప, త, క లాంటి హల్లులు పలకడానికి గాలి క్షణకాలం ఆగిన చోట్లు. అయినా తెలిసిన భాష వింటుంటే పదాలు విడివిడిగానే వినిపిస్తాయి. తెలియని భాష వింటే మాత్రం ఎక్కడ ఏ పదం మొదలై ఎక్కడ ముగిసిందో అంతుపట్టదు. పైగా వాళ్లు చాలా వేగంగా మాట్లాడుతున్నారని కూడా అనిపిస్తుంది. విదేశీ భాషల వేగం గురించి జనం చేసే ఫిర్యాదుల్లో చాలా భాగం నిజానికి పదాలు విడగొట్టుకోలేకపోవడం గురించిన ఫిర్యాదులే.

పదాలను విడగొట్టడం ఎందుకంత కష్టమో ఒక్క మాటతో తెలుస్తుంది. ‘కలవరం’ అనే పదం చెవిన పడుతుండగా ‘కల’ పూర్తయిపోతుంది, చివర్లో ‘వరం’ కూడా వినిపిస్తుంది. వినేవాళ్లకు కలా గుర్తురాదు, వరమూ గుర్తురాదు. గుర్తురావడం లేదనిపిస్తుంది గానీ, ప్రయోగశాలలో కొలిస్తే మెదడులో ఇలాంటి పదాలన్నీ సెకనులో కొన్ని వంతుల పాటు మేల్కొని, ఒకదానితో ఒకటి పోటీపడి, ఓడినవి వెనక్కి తగ్గుతాయని తేలింది. ఈ పోటీ ఎలా నడుస్తుంది, దానికి నియమాలు ఎవరు పెడతారు అన్నది మనోభాషాశాస్త్రంలో, అంటే మనసు భాషతో ఎలా పనిచేస్తుందో చూసే శాస్త్రంలో, ముఖ్యమైన ప్రశ్న. ఈ ప్రశ్న మీద అర్ధ శతాబ్దం దాకా పనిచేసిన ప్రొఫెసర్ ఆన్ కట్లర్.

1970ల్లో ఈ రంగంలో పనిచేసేవాళ్లు ఎక్కువమంది అమెరికా, బ్రిటన్ విశ్వవిద్యాలయాల్లో ఉండేవారు. ప్రయోగాలకు వచ్చేది అక్కడి విద్యార్థులు, వినిపించేది ఇంగ్లిష్. వచ్చిన ఫలితాన్ని మాత్రం ‘మనిషి మాటను ఇలా వింటాడు’ అని రాసేవారు. మనుషులందరి మెదడూ ఒకటే కాబట్టి వినే పద్ధతీ ఒకటే అయి ఉంటుందని నమ్మకం. ఇంగ్లిష్ మీద పరీక్షించింది ఇంగ్లిష్ గురించి మాత్రమే చెబుతోందేమో అన్న అనుమానం కొద్దిమందికే వచ్చింది. కట్లర్ పరిశోధనా జీవితం మొత్తాన్ని ఈ అనుమానాన్ని పట్టుకుని వదలకపోవడంగా చూడవచ్చు.

ఆమె 1945లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో పుట్టారు. మొదట చదివింది జర్మన్ భాష, మనస్తత్వశాస్త్రం. 1975లో అమెరికాలోని టెక్సస్ విశ్వవిద్యాలయం నుంచి మనోభాషాశాస్త్రంలో పీహెచ్‌డీ పొందారు. ఆ శాస్త్రం అప్పటికి ఇంకా స్థిరపడుతున్న దశలో ఉంది. తరువాత బ్రిటన్ చేరుకుని, 1982 నుంచి కేంబ్రిడ్జ్‌లోని మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ వారి అప్లైడ్ సైకాలజీ యూనిట్‌లో పనిచేశారు. 1993లో నెదర్లాండ్స్‌లోని నైమేగెన్‌లో ఉన్న మాక్స్ ప్లాంక్ మనోభాషాశాస్త్ర సంస్థకు డైరెక్టర్లలో ఒకరయ్యారు. అక్కడ 2013 దాకా ఉండి, ఆ తరువాత వెస్టర్న్ సిడ్నీ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్‌గా కొనసాగారు. 1999లో డచ్ శాస్త్రరంగంలో అత్యున్నతమైన స్పినోజా బహుమతి, 2015లో లండన్ రాయల్ సొసైటీ సభ్యత్వం వచ్చాయి. 2022 జూన్‌లో కన్నుమూశారు. బయోడేటా ఇంతే. అసలు కథ ప్రయోగాల్లో ఉంది.

1976లో ప్రచురించిన ఒక తొలి ప్రయోగంలోనే ఆమె పద్ధతి కనిపిస్తుంది. ఒకే వాక్యాన్ని రెండు రకాలుగా చదివించారు. ఒకదానిలో స్వరం ఒక ఫలానా పదం మీద ఊనిక పడేలా, అంటే దాన్ని నొక్కి పలకబోతున్నట్టు, నడుస్తుంది, రెండోదానిలో అలా నడవదు. తరువాత రెండింటిలోనూ ఆ పదాన్ని కత్తిరించేసి, మూడో చోట రికార్డు చేసిన ఒకే ఉచ్చారణను అతికించారు. అంటే రెండు వాక్యాల్లోనూ ఆ పదం అచ్చంగా ఒకే శబ్దం. వినేవాళ్ల పని ఆ పదంలోని మొదటి ధ్వని వినగానే బటన్ నొక్కడం. ఊనిక రాబోతోందని ముందున్న స్వరం సూచించిన వాక్యంలో వాళ్లు త్వరగా నొక్కారు. శబ్దంలో తేడా లేనప్పుడు ఆ తేడా వచ్చింది విన్నవాళ్ల అంచనా నుంచే. చెవి శబ్దం వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోదు, ముఖ్యమైన మాట ఎక్కడ పడబోతోందో ముందే లెక్కవేసుకుని అటు తిరిగి ఉంటుంది.

ఫ్రెంచ్ చెవి, ఇంగ్లిష్ చెవి

1981లో పారిస్‌లో జాక్ మేలర్ బృందం ఫ్రెంచ్ వాళ్ల మీద ఒక చిన్న ప్రయోగం చేసింది. ‘పలాస్’, ‘పల్మియే’ అనే రెండు ఫ్రెంచ్ పదాలున్నాయి. రెండూ ‘పల్’ అనే ధ్వనులతోనే మొదలవుతాయి. కానీ మొదటిదాన్ని అక్షరాలుగా (రాసే అక్షరాలు కావు, ఒక్క ఊపులో పలికే ముక్కలు) విడదీస్తే ప-లాస్, రెండోదాన్ని విడదీస్తే పల్-మియే. ‘ప’ వినబడితే బటన్ నొక్కమంటే మొదటి పదంలో త్వరగా నొక్కారు. ‘పల్’ వినబడితే నొక్కమంటే రెండోదానిలో త్వరగా నొక్కారు. వెతుకుతున్న ముక్క అక్షరంతో సరిగ్గా సరిపోతే తేలిక, లేకపోతే ఆలస్యం. కాబట్టి మనుషులు మాటను అక్షరాలుగా కోసుకుని వింటారని తేలినట్టే అనిపించింది.

కట్లర్, డెనిస్ నారిస్, మేలర్, హువాన్ సెగ్వీ కలిసి ఇదే ప్రయోగాన్ని ఇంగ్లిష్ వాళ్ల మీద చేశారు. బ్యాలెన్స్, బాల్కనీ లాంటి జతలు వాడారు. ఆ తేడా కనిపించలేదు. ఇంగ్లిష్ పదాల్లో అక్షరాల సరిహద్దులు అంత స్పష్టంగా ఉండవు కాబట్టి అలా వచ్చిందని సరిపెట్టుకోవచ్చు. దానికి జవాబు కోసం అవే ఇంగ్లిష్ పదాలను ఫ్రెంచ్ వాళ్లకు వినిపించారు. ఫ్రెంచ్ వాళ్లు ఇంగ్లిష్‌నూ అక్షరాలుగానే కోశారు. అవే ఫ్రెంచ్ పదాలు విన్న ఇంగ్లిష్ వాళ్లు మాత్రం అలా కోయలేదు. తేడా వినబడుతున్న పదాల్లో లేదు, వింటున్నవాళ్లలో ఉంది. 1983లో నేచర్ పత్రికలో అచ్చయిన రెండు పేజీల ఈ ఫలితం ఆ తరువాతి మూడు దశాబ్దాల పనికి పునాది. ఒకే డిజైన్, రెండు భాషల శ్రోతలు, రెండు భాషల పదాలు అన్న నాలుగు గళ్ల పట్టిక ఆమె చేతిలో ఆనాటి నుంచి ప్రధాన ఆయుధమయింది.

అయితే ఇంగ్లిష్ వాళ్లు అక్షరాల మీద ఆధారపడకపోతే మరి దేని మీద ఆధారపడతారు? దీనికి సమాధానం పదకోశంలో దొరికింది. 1987లో డేవిడ్ కార్టర్‌తో కలిసి కట్లర్ ఇంగ్లిష్ సంభాషణల సేకరణ ఒకదాన్ని లెక్కగట్టారు. అర్థాన్ని మోసే పదాల్లో దాదాపు 90 శాతం, అచ్చు నిండుగా పలికే బలమైన అక్షరంతోనే మొదలవుతున్నాయి. అలాంటప్పుడు బలమైన అక్షరం వినబడిన ప్రతిసారీ ‘ఇక్కడొక కొత్త పదం మొదలైంది’ అనుకుంటే చాలాసార్లు అంచనా నిజమవుతుంది. మరుసటి ఏడాది నారిస్‌తో కలిసి దీన్ని పరీక్షించారు. ‘మింటేఫ్’, ‘మింటఫ్’ లాంటి అర్థంలేని శబ్దాల్లో దాగిన ‘మింట్’ అనే పదాన్ని పట్టుకోమన్నారు. రెండో అక్షరం బలంగా ఉన్నచోట ఆలస్యమైంది. అక్కడ కొత్త పదం మొదలైందని చెవి ముందే కోత పెట్టేసింది, ‘ట్’ అవతలి ముక్కలోకి పోయింది. మళ్లీ రెండింటినీ కలుపుకోవడానికి సమయం పట్టింది.

తప్పుగా విన్న మాటలు ఈ వాదనకు మరింత బలమిచ్చాయి. 1992లో శాలీ బటర్‌ఫీల్డ్‌తో కలిసి, అతి కష్టం మీద వినిపించేంత సన్నటి ధ్వనితో ఇంగ్లిష్ ముక్కలు వినిపించి, ఏం విన్నారో రాయమన్నారు. ‘అచీవ్ హర్ వే ఇన్‌స్టెడ్’ అన్నది ఒకరికి ‘ఎ చీపర్ వే టు స్టే’గా వినబడింది. ‘అచీవ్’లోని బలమైన ‘చీ’ దగ్గర లేని సరిహద్దు వచ్చింది. ‘హర్’ ముందు ఉన్న సరిహద్దు మాయమైపోయింది. పొరపాట్లు ఎటు పడితే అటు జరగలేదు. వ్యూహం ఎటు నడిపితే అటే జరిగాయి. వినికిడి పొరపాట్లను జోకులుగా తప్ప పట్టించుకోని రంగంలో వాటిని సాక్ష్యంగా నిలబెట్టడం ఆమె చేసిన మంచి పనుల్లో ఒకటి.

ఈ అలవాటు ఎప్పుడు పడుతుంది? పసిపిల్లలు మొదట్లో ఏ భాష ధ్వనులనైనా వేరుచేయగలరు. ఇంగ్లిష్ ఇళ్లలో పుట్టిన పిల్లలు ఆరు నుంచి ఎనిమిది నెలల వయసులో హిందీలోని త, ట తేడాను పట్టుకున్నారనీ, ఏడాది నిండే సమయానికి పట్టుకోలేకపోయారనీ 1984లో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ చూపించారు. లయ, అంటే భాషలో బలమైన, బలహీనమైన అక్షరాలు నడిచే తీరు, విషయంలోనూ దాదాపు ఇదే కాలం. పీటర్ జస్చిక్‌తో కలిసి కట్లర్ 1993లో ప్రచురించిన పనిలో, తొమ్మిది నెలల అమెరికన్ పిల్లలు బలమైన అక్షరంతో మొదలయ్యే పదాల వైపు ఎక్కువసేపు చెవి పెట్టారు. ఆరు నెలల పిల్లల్లో ఆ మొగ్గు లేదు. ఇంకా మాటలు రాని వయసులోనే చెవి ఒక భాషకు అలవాటు పడిపోతోంది.

పుట్టినప్పటి నుంచీ రెండు భాషలు వచ్చినవాళ్ల సంగతేమిటన్న ప్రశ్న సహజంగానే వచ్చింది. ఫ్రెంచ్, ఇంగ్లిష్ రెండూ సమానంగా మాట్లాడే, రెండింట్లోనూ స్థానికులుగానే చెలామణి అయ్యేవాళ్లను కట్లర్ బృందం పిలిచింది. వాళ్లందరి ఫలితాలు కలిపి చూస్తే ఏ తీరూ కనిపించలేదు. అప్పుడు వాళ్లను ఒక వింత ప్రశ్న అడిగారు: ప్రాణం కాపాడే మెదడు ఆపరేషన్‌లో ఒక భాష పోతుందంటే, ఏ భాషను ఉంచుకుంటారు? జవాబును బట్టి రెండు గుంపులు చేస్తే తీరు బయటపడింది. ఫ్రెంచ్ ఉంచుకుంటామన్నవాళ్లు ఫ్రెంచ్‌ను అక్షరాలుగా కోసుకుని విన్నారు, ఇంగ్లిష్ ఉంచుకుంటామన్నవాళ్లు అలా వినలేదు. బలమైన అక్షరాల వ్యూహం ఇంగ్లిష్‌ను ఎంచుకున్నవాళ్లలోనే కనిపించింది. 1989లో వచ్చిన ఈ ఫలితం ప్రకారం ఎన్ని భాషలు వచ్చినా లయతో పదాలు కోసే పద్ధతి మాత్రం ఒకటే నాటుకుంటుంది. గుంపులు చేసిన తీరు మీద అభ్యంతరం చెప్పవచ్చు. ఒక్క ఊహాజనిత ప్రశ్నకు చెప్పిన జవాబు అంత బరువు మోయగలదా అని ఎవరికైనా అనిపిస్తుంది. ద్విభాషీయత గురించి ఇంత గట్టి వాదన ఇంత సన్నటి తాడు మీద వేలాడటం కొంత ఇబ్బందికరమే. అయినా ఆ ప్రశ్న అడక్కపోతే లెక్కల్లో ఏమీ దొరికేది కాదన్నదీ నిజమే.

మాత్రలు లెక్కపెట్టే చెవులు

రెండు భాషల మధ్య తేడా దొరికితే అది యాదృచ్ఛికం కావచ్చు. ఎవరి భాష లయను బట్టి వాళ్లు మాటను కోసుకుంటారన్న సిద్ధాంతం నిలబడాలంటే, అక్షరాల మీద నడిచే ఫ్రెంచ్ లయ, బలమైన అక్షరాల మీద నడిచే ఇంగ్లిష్ లయ కాక మూడో రకం లయ కావాలి. అది జపనీస్‌లో దొరికింది. జపనీస్ లయకు ప్రమాణం అక్షరం కాదు, మాత్ర. ‘తనిషి’ అనే జపనీస్ పదంలో త-ని-షి మూడు మాత్రలు. ‘తన్షి’లో పలికేది రెండు అక్షరాలే అయినా త-న్-షి అని అక్కడా మూడు మాత్రలే. పొల్లుగా పలికే ‘న్’కు ఒక పూర్తి మాత్ర విలువ ఉంటుంది. తకాషి ఒటాకె, గియో హతానో, కట్లర్, మేలర్ 1993లో పాత ప్రయోగాన్నే ఈ పదాలతో చేశారు. జపనీస్ వాళ్లు ‘త’ను రెండు పదాల్లోనూ ఒకేలా పట్టుకున్నారు. ‘తన్’ను ‘తన్షి’లో బాగానే పట్టుకున్నారు. ‘తనిషి’లో మాత్రం తరచూ జారవిడిచారు. అక్కడ ‘న’ తరువాతి మాత్రలో భాగం. దాన్ని చీల్చి ‘తన్’ అని వేరుచేయడం జపనీస్ చెవికి రుచించదు.

తెలుగులో ఛందస్సు చదివినవాళ్లకు ఇదంతా కొత్తగా అనిపించదు. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు. ‘అనగ’ అన్నా ‘అంత’ అన్నా మూడు మాత్రలే. పొల్లు హల్లో, సున్నాయో చేరగానే ముందరి అక్షరం గురువైపోతుంది. కంద పద్యం నాలుగు మాత్రల గణాల మీద నడిచేది ఈ లెక్కతోనే. ఛందస్సు క్లాసులో ఇది పద్యానికి కట్టుబాటుగా మాత్రమే కనిపిస్తుంది. కట్లర్ సిద్ధాంతం దీన్ని మరో చోటికి తీసుకుపోతుంది. లయ ఒకేలా ఉన్న రెండు భాషల వాళ్లు, ఆ భాషల మధ్య చుట్టరికం లేకపోయినా, ఒకేలా వినాలి. అప్పటిదాకా ఈ పోలిక దొరికింది ఇంగ్లిష్-డచ్, ఫ్రెంచ్-స్పానిష్ లాంటి బంధుభాషల్లోనే. వాటిలో పోలికకు కారణం లయా, బంధుత్వమా అన్నది చెప్పలేం. దూరపు జత ఒకటి కావాల్సి వచ్చింది, దానికి తెలుగు సరిపోయింది.

లలితా మూర్తి, ఒటాకె, కట్లర్ 2007లో ఈ ఫలితాలను ప్రచురించారు. తెలుగువాళ్లకు జపనీస్ పదాలు వినిపించి ముక్కలు పట్టుకోమన్నారు. వెతుకుతున్న ముక్క అంచు మాత్ర అంచుతో కలవనిచోట తెలుగువాళ్లు సరిగ్గా జపనీస్ వాళ్లలాగే తడబడ్డారు. అదే పనిలో ఇంగ్లిష్ వాళ్లూ, ఫ్రెంచ్ వాళ్లూ అంతకుముందు వేరే తీరు చూపించారు. తరువాత జపనీస్ వాళ్లకు తెలుగు వినిపించారు. జపనీస్‌లో వీలయ్యే పొల్లు హల్లులు మాత్రమే ఉన్న తెలుగు పదాల్లో వాళ్లూ మాత్రల ప్రకారమే స్పందించారు. భాషా కుటుంబాలు వేరు, లిపులు వేరు, చరిత్రలో సంబంధం లేదు. అయినా రెండు చెవులూ ఒకేచోట తడబడ్డాయి. తడబాటే ఇక్కడ సాక్ష్యం. ఈ ప్రయోగాల్లో ఎక్కడ తేలికయింది అన్నదానికంటే ఎక్కడ కష్టమయింది అన్నదే ఎక్కువ చెబుతుంది.

చిక్కేమిటంటే, తెలుగువాళ్లకు తెలుగే వినిపించినప్పుడు ఫలితం అంత నిక్కచ్చిగా రాలేదు. కొన్నిచోట్ల మాత్రల తీరు కనిపించింది, కొన్నిచోట్ల లేదు. పరిశోధకులు దీన్ని దాచలేదు, మిశ్రమ ఫలితమనే రాశారు. వింతగా ఉంటుంది గానీ దీనికి కారణాలు ఊహించడం కష్టం కాదు. మాతృభాషలో వినేవాళ్లకు లయ ఒక్కటే ఆధారం కాదు, పదాలే తెలుసు. పదం తెలిసినప్పుడు దాని ముక్కను పట్టుకోవడానికి వేరే దారులుంటాయి. పైగా తెలుగులో పొల్లు హల్లుల వైవిధ్యం జపనీస్‌లో కన్నా చాలా ఎక్కువ. ‘అమ్మ’, ‘అంత’ లాంటివి జపనీస్‌కు దగ్గర. ‘భక్తి’, ‘పర్వం’ లాంటివి దూరం. అన్ని పొల్లులూ చెవిలో ఒకే మాత్ర విలువతో నడుస్తాయా, లేక ద్విత్వాలకూ సున్నాకూ ఒక లెక్క, సంయుక్తాలకు మరో లెక్కా? ఛందస్సు వీటన్నిటికీ ఒకే విలువ ఇస్తుంది. చెవి కూడా అలాగే ఇస్తుందని ముందే అనుకోవడానికి లేదు. దీన్ని తేల్చడానికి ఖరీదైన యంత్రాలేమీ అక్కర్లేదు, హెడ్‌ఫోన్లు, ఒక కంప్యూటర్, జాగ్రత్తగా ఎంచిన పదాల జాబితా చాలు.

ఇలాంటి పనికి సంస్థ అండ ఎంత అవసరమో కూడా ఇక్కడే చెప్పాలి. ఒక ప్రశ్నను మూడు ఖండాల్లోని శ్రోతల మీద పరీక్షించాలంటే రెండు మూడేళ్ల గ్రాంటుతో కుదరదు. మాక్స్ ప్లాంక్ సంస్థ డైరెక్టర్లకు దీర్ఘకాలం నిలకడగా డబ్బు ఇస్తుంది, ఏటేటా దరఖాస్తులు పెట్టించదు. నైమేగెన్‌కు అనేక దేశాల నుంచి విద్యార్థులు వచ్చేవారు. వాళ్లలో చాలామంది తమ భాషను వెంట తెచ్చుకున్నారు, అదే పరిశోధనాంశమయింది. కట్లర్ ఘనతలో కొంత వాటా ఈ ఏర్పాటుకు ఇవ్వాల్సిందే. అదే ప్రశ్న, అదే ప్రతిభ ఉన్నవాళ్లు ఏ చిన్న విశ్వవిద్యాలయంలోనో ఉంటే ఇంగ్లిష్-ఫ్రెంచ్ దగ్గరే ఆగిపోయేవారు.

భాషకో తీరు అని చెప్పడమే ఆమె పనంతా కాదు. అన్ని భాషలకూ చెల్లే నియమాలను కూడా అంతే పట్టుదలగా వెతికారు. 1997లో నారిస్, జేమ్స్ మక్వీన్‌లతో కలిసి అలాంటి నియమం ఒకటి ప్రతిపాదించారు. మాటను కోసినప్పుడు ఎక్కడా ఒంటరి హల్లు మిగలకూడదన్నది దాని సారాంశం. ‘ఫ్యాపిల్’ అనే శబ్దంలో ‘యాపిల్’ను పట్టుకోవడం ఇంగ్లిష్ వాళ్లకు కష్టం, ఎందుకంటే మిగిలే ‘ఫ్’ పదం కాలేదు. అదే ముందు ఒక పూర్తి అక్షరం ఉంటే తేలిక. ఆఫ్రికా భాష సెసోతోలో అర్థాన్ని మోసే పదాలు ఏకాక్షరాలుగా ఉండవు. అయినా ఆ భాష వాళ్లకు కూడా ఒక్క అక్షరం మిగలడం అడ్డు కాలేదు. దాంతో ఈ నియమం సార్వత్రికమన్న నమ్మకం బలపడింది. తరువాత బెర్బర్ వచ్చి పడింది. అచ్చు లేకుండా ఒక్క హల్లే పదంగా నిలబడగల భాష అది. ఆ భాష వాళ్లకు ఒంటరి హల్లు మిగిలినా ఇబ్బంది కలగలేదని 2012లో కట్లర్ బృందమే చూపించింది. సొంత సార్వత్రిక నియమానికి మినహాయింపు దొరికే భాషను తామే వెతికి పట్టుకుని పరీక్షించడం ఈ రంగంలో అంత తరచుగా జరిగేది కాదు.

ఒక సుదీర్ఘమైన తగవు

శబ్దానికీ అర్థం తెలిసిన పదానికీ మధ్య సమాచారం ఎటు ప్రవహిస్తుందన్నది ఈ రంగంలో పెద్ద తగవు. స, ఫ రెండింటికీ మధ్యన ఉండే అస్పష్టమైన ధ్వనిని ఒక పదంలో పెడితే, ఆ పదానికి ఏది సరిపోతుందో అదే వినబడిందంటారు. 1986లో జేమ్స్ మక్లెలాండ్, జెఫ్రీ ఎల్మన్ తయారుచేసిన ట్రేస్ అనే కంప్యూటర్ మోడల్ దీనికి సూటిగా సమాధానం చెప్పింది: పదం పై నుంచి కిందకు వచ్చి ధ్వనిని మార్చేస్తుంది. కట్లర్, నారిస్, మక్వీన్ దీన్ని ఒప్పుకోలేదు. 2000లో రాసిన వ్యాసం శీర్షికలోనే ఆ వెనక్కి వచ్చే ప్రవాహం ‘ఎప్పుడూ అవసరం లేదు’ అని తేల్చేశారు. తమకు తెలిసినదాన్ని బట్టి శబ్దాన్నే మార్చుకుని వింటే మనిషి ఉన్నది కాక ఊహించుకున్నదే వింటాడు. విన్నదాన్నీ తెలిసినదాన్నీ కలిపి నిర్ణయం తీసుకునే చోటు వేరే ఉంటుందన్నది వాళ్ల వాదన.

తర్కం బలమైనదే. ‘ఎప్పుడూ’ అన్న మాట మాత్రం అంత గట్టిగా నిలవలేదు. శబ్దంలో గోల కలిసినప్పుడు వెనక్కి వచ్చే ప్రవాహం మోడల్ పనితీరును మెరుగుపరుస్తుందని 2018లో జేమ్స్ మాగ్నసన్ బృందం సిమ్యులేషన్లతో చూపించింది. తగవు ఇంకా తెగలేదు.

దీనికంటే ఎక్కువ పనికొచ్చే ఫలితం ఆ తగవులోనే పుట్టింది. 2003లో ఆ ముగ్గురే డచ్ శ్రోతలకు ఒక పదాల జాబితా వినిపించారు. వాటిలో 20 పదాల చివర ఫ, స మధ్యన ఉండే అస్పష్టమైన ధ్వని ఉంది. ‘ఫ’ ఉండాల్సిన పదాల్లో దాన్ని విన్నవాళ్లు ఆ తరువాత అలాంటి ధ్వనులను ఎక్కువగా ‘ఫ’ అన్నారు. ‘స’ ఉండాల్సిన పదాల్లో విన్నవాళ్లు ‘స’ అన్నారు. అర్థంలేని పదాల్లో విన్నవాళ్లలో ఆ మార్పు రాలేదు. కొత్త మనిషి యాస మొదటి నిమిషంలో ఇబ్బంది పెట్టి, కాసేపటికి మామూలైపోవడానికి కారణం ఇదే. 20 పదాలు చాలు. ఆ సర్దుబాటు ఆ 20 పదాలకే పరిమితం కాదు, ఇంతకుముందు ఆ నోట వినని పదాలకూ వర్తిస్తుందని 2006లో తేలింది. విన్న ప్రతి పదాన్నీ టేపులా దాచుకుంటామన్న సిద్ధాంతం ఒకటి అప్పట్లో బాగా చలామణిలో ఉండేది, దానికి ఈ ఫలితం మింగుడుపడలేదు.

రెండో భాష విషయంలో ఆమె ఫలితాలు అంత ఉత్సాహం కలిగించవు. డచ్‌లో ఇంగ్లిష్ ‘ప్యాన్’, ‘పెన్’ అచ్చుల మధ్య తేడా లేదు. ఆండ్రియా వెబర్‌తో కలిసి 2004లో చేసిన ప్రయోగంలో, ఇంగ్లిష్ బాగా వచ్చిన డచ్ వాళ్లు ‘పాండా’ అన్న మాట మొదలు వినగానే తెర మీదున్న పెన్సిల్ బొమ్మ వైపు కూడా చూశారు. వాళ్ల కళ్లు ఎటు కదులుతున్నాయో కెమెరా పట్టుకుంది. ‘పెన్సిల్’ అన్నప్పుడు మాత్రం పాండా వైపు చూడలేదు. అంటే రెండో భాషలో వినేవాళ్లకు అక్కర్లేని పదాలు కూడా పోటీలోకి వస్తాయి. గోలలో పరభాష వినడం అలసట అనిపించడానికి కారణం ధ్వనులు వినబడకపోవడం మాత్రమే కాదు. ధ్వనుల స్థాయిలో గోల వల్ల కలిగే నష్టం స్థానికులకూ ఇతరులకూ దాదాపు సమానమేనని అదే ఏడాది మరో పనిలో చూపించారు. పోగొట్టుకున్నదాన్ని సందర్భం నుంచి పూరించుకోవడంలోనే స్థానికులు ముందుంటారు.

అన్నిచోట్లా స్థానికులదే పైచేయి కాదు. ‘మ్యూజిక్’లో ఊనిక మొదటి ముక్క మీదే పడుతుంది, ‘మ్యూజియం’లో పడదు. ఈ పదాల మొదటి ముక్క మాత్రమే వినిపించి అది దేనిలోదో చెప్పమంటే, ఇంగ్లిష్ మాతృభాష అయినవాళ్ల కంటే డచ్ వాళ్లే మెరుగ్గా చెప్పారని 2002లో నికోల్ కూపర్, కట్లర్, రోజర్ వేల్స్ చూపించారు. డచ్‌లో ఊనికను పట్టించుకోవడం వల్ల లాభం ఎక్కువ, ఇంగ్లిష్‌లో అచ్చును వింటే చాలు. కాబట్టి ఇంగ్లిష్ వాళ్లు తమ భాషలోనే ఉన్న సమాచారాన్ని వదిలేస్తారు. ఇంగ్లిష్ మీద మాత్రమే ప్రయోగాలు చేస్తూ ఊనిక పదాల గుర్తింపుకు పనికిరాదని రాసుకున్న రోజులను ఈ ఫలితంతో పోల్చి చూడాలి.

2017లో జియ్‌యున్ చోయ్, మిర్యామ్ బ్రూర్స్మాలతో కలిసి చేసిన పని ఆమె చివరి దశలోని ముఖ్యమైన పనుల్లో ఒకటి. పసితనంలో కొరియా నుంచి నెదర్లాండ్స్‌కు దత్తత వెళ్లి, కొరియన్ భాష ఒక్క ముక్క కూడా రాకుండా డచ్ వాళ్లుగా పెరిగిన పెద్దవాళ్లను పరీక్షించారు. కొరియన్‌లో ఒకేచోట పలికే హల్లుల్లో మూడు రకాలుంటాయి, డచ్ చెవికి అవి వేరుగా అనిపించవు. శిక్షణకు ముందు దత్తత వెళ్లినవాళ్లకూ మామూలు డచ్ వాళ్లకూ తేడా లేదు. శిక్షణ సాగే కొద్దీ దత్తత వెళ్లినవాళ్లు ముందుకెళ్లారు. శిక్షణ ఇచ్చింది వినడంలోనే, కానీ పలకడంలోనూ వాళ్లే మెరుగయ్యారు. ఆరు నెలలు నిండకముందే వెళ్లినవాళ్లకూ, ఏడాది దాటాక వెళ్లినవాళ్లకూ మధ్య తేడా కనిపించలేదు. ఆరు నెలల పిల్లలు ఏ పదమూ పలకరు, కాబట్టి మిగిలింది నోటి అలవాటు కాదు. అంతకుముందు 2003లో ఫ్రాన్స్‌లో ఇలాంటివాళ్లను పరీక్షించినప్పుడు కొరియన్ ఆనవాలే దొరకలేదు. ఆ రెండు ఫలితాలూ ఒకదాన్నొకటి కొట్టివేయవు. ఫ్రాన్స్‌లో అడిగింది మిగిలి ఉందా అని, నెదర్లాండ్స్‌లో అడిగింది తిరిగి నేర్చుకోవడం తేలికవుతుందా అని.